పంక్తి చివర దాగిన అక్షరం



ఈ నెల మీకు ఒక అక్షరాన్ని గురించి చెబుతాను. అది అచ్చులలో లేదు, హల్లులలో లేదు. గుణింతంలో వెతికినా దొరకదు. కంప్యూటరు మీద టైపు చేసేవారు రోజూ దాన్ని వందలసార్లు రాస్తారు గాని, కంటితో చూసినవారు చాలా తక్కువ. అటువంటి అక్షరం మూలంగా మా రామాయంపేటలో ఒక పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ముందు ఆ సంగతి వినండి. అక్షరం సంగతి తరువాత చూద్దాం.

మా వీధి చివరి ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకతె ఉన్నది. ఆమె నాయనమ్మకు బతుకమ్మ పాటలు ఎన్నో వచ్చు. ఆ పెద్దావిడ చదువుకోలేదు. పాటలన్నీ ఆవిడ నోటిలోనే ఉండేవి. పోయిన ఏడు వేసవి సెలవుల్లో ఈ పిల్ల నాయనమ్మ మంచం పక్కన కూర్చుని, ఆవిడ పాడుతూ ఉంటే, తన అన్న కంప్యూటరులో ఒక్కొక్క పాటా టైపు చేసుకున్నది. మొత్తం ఇరవైమూడు పాటలు. నడుమ వదిలిన ఖాళీ పంక్తులతో కలిపి 640 పంక్తులు అయినాయి. ఆ తరువాత వచ్చిన చలికాలంలో పెద్దావిడకు జబ్బు చేసింది. జబ్బు నయమయింది గాని గొంతు పోయింది. మాట వస్తుంది, పాట రాదు.

ఈ ఏడు పెత్రమాస దగ్గర పడుతున్నది. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఆ పాటలను చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, వీధిలోని ఆడపిల్లలందరికీ ఇవ్వాలని ఆ పిల్ల కోరిక. పెన్ డ్రైవులో పాటలు వేసుకుని బస్టాండు దగ్గర ఉన్న జిరాక్సు దుకాణానికి పోయింది. దుకాణం అబ్బాయి ఫైలు తెరిచాడు. చూస్తే ఏమున్నది? ఇరవైమూడు పాటలూ ఒకే ఒక పంక్తిగా, రైలు పెట్టెలు తగిలించినట్టు, ఒకదాని వెనుక ఒకటి సాగిపోతున్నాయి. చరణం ఎక్కడ ఆగిందో, మరో చరణం ఎక్కడ మొదలయిందో తెలియడం లేదు. ఒక పాట చివరి మాటకు మరొక పాట మొదటి మాట అతుక్కుపోయి ఉన్నది.

“ఫైలు ఖరాబయింది చెల్లె, మొత్తం మళ్ల కొట్టాలె” అన్నాడు దుకాణం అబ్బాయి. పాపం, అతడు మంచివాడే. తనకు తోచిన చోటల్లా మీట నొక్కి మొదటి పాటను విడదీసే ప్రయత్నం కూడా చేశాడు. కాని ఆ పాట అతనికి రాదు గదా! తప్పు చోట్ల తెగిపోయింది.

పిల్ల కళ్ళనీళ్ళతో మా ఇంటికి వచ్చింది.

“సారూ, నాయనమ్మ పాటలన్నీ కలిసిపోయినయి.”

“అక్షరాలు ఏమన్నా పోయినయా బిడ్డా?”

“లేదు సారూ. అక్షరాలన్నీ ఉన్నయి. వరుసలే పోయినయి.”

“అక్షరాలు అన్నీ ఉన్నాయంటే వరుసలు కూడా ఉన్నట్టే. అవి ఎక్కడికీ పోలేదు. ఆ దుకాణం యంత్రానికి కనబడలేదు, అంతే” అన్నాను.

నేను ఆమెను ఊరడించడానికి అలా అనలేదు. అది నిజం. ఎలాగో చూడండి.

కంప్యూటరుకు అక్షరం అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి సంఖ్యలు మాత్రమే. మీరు ‘అ’ అని నొక్కితే అది 3077 అని దాచుకుంటుంది. ‘క’ అంటే 3093. ఈ లెక్కల పట్టికను యూనికోడ్ అంటారు. 1991లో వచ్చిన మొదటి పట్టికలోనే మన తెలుగుకు చోటు దొరికింది. అక్షరాలకే గాక రెండు మాటల నడుమ మనం వదిలే ఖాళీకి కూడా ఒక సంఖ్య ఉన్నది. అది 32. మనకు ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. యంత్రానికి అట్లా కాదు. ఖాళీ కూడా దాని దృష్టిలో ఒక వస్తువే. మరి “ఇక్కడికి పంక్తి అయిపోయింది, తరువాతి మాట కింద మొదలుపెట్టు” అని చెప్పాలంటే? దానికీ ఒక సంఖ్య ఉండాలి గదా! ఉన్నది. ఎంటర్ మీట నొక్కినప్పుడల్లా ఆ సంఖ్య మీ రాతలో పడుతుంది. నేను మొదట చెప్పిన కనిపించని అక్షరం అదే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ సంఖ్య ఏదన్న విషయంలో కంప్యూటర్లు అన్నీ ఒక మాట మీద లేవు. ఒకటి 10 అంటుంది. మరొకటి 13, 10 రెండూ పక్కపక్కన ఉండాలంటుంది. కొంతకాలం క్రితం వరకు 13 ఒక్కటే చాలు అన్నవి కూడా ఉండేవి. ఇంత చిన్న విషయానికి ఇన్ని పద్ధతులు ఎందుకు వచ్చినట్టు? దీనికి జవాబు కావాలంటే కంప్యూటరును వదిలి వెనక్కు, టైపు మిషన్ల కాలానికి పోవాలి.

నా చిన్నతనంలో ఏ చిన్న పట్నంలో చూసినా టైపు ఇన్‌స్టిట్యూట్ ఒకటి ఉండేది. పదో తరగతి తప్పినవారూ, పాసయినవారూ అందరూ అక్కడే కనబడేవారు! బజారులో పోతుంటే టకటకమనే చప్పుడు, నడుమ నడుమ ‘టింగ్’ మని గంట వినిపించేవి. టైపు మిషనులో కాగితం చుట్టిన రోలరు ఉంటుంది. ఒక్కొక్క అక్షరం పడినప్పుడల్లా ఆ రోలరు ఉన్న బండి కొంచెం ఎడమకు జరుగుతుంది. పంక్తి ముగియవస్తుంటే గంట మోగుతుంది. అప్పుడు ఎడమ పక్క ఉన్న పిడిని పట్టి కుడివైపుకు నెట్టాలి. ఆ ఒక్క నెట్టుతో రెండు పనులు జరుగుతాయి. రోలరు తిరిగి కాగితం ఒక పంక్తి పైకి జరుగుతుంది. బండి మొదటి చోటికి వస్తుంది. అంటే ‘కిందికి దిగు’, ‘మొదటికి రా’ అనే రెండు ఆజ్ఞలు అన్నమాట.

ఈ రెండూ వేరు వేరు పనులని మీకు బాగా తెలియాలంటే పొలం దున్నే రైతును గుర్తు చేసుకోండి. సాలు దున్నుతూ గట్టు దాకా వచ్చాక ఎడ్లను పక్క సాలులోకి మళ్ళిస్తాడు. మళ్ళించి, అక్కడినుంచే ఎదురు దిక్కుకు దున్నుకుంటూ వస్తాడు. మొదలు దున్నడం ప్రారంభించిన గట్టుకు ఉత్త నాగలితో నడిచిపోడు. అంటే అతడు ‘పక్క సాలులో దిగు’ అనే పని మాత్రమే చేశాడు; ‘మొదటికి రా’ అనే పని చేయలేదు. ప్రాచీన గ్రీకులు కొంతకాలం అచ్చంగా ఇలాగే రాసేవారు. ఒక పంక్తి ఎడమనుంచి కుడికి, తరువాతి పంక్తి కుడినుంచి ఎడమకు! ఎద్దు మళ్ళినట్టు మళ్ళే రాత అని దానికి పేరు కూడా ఉన్నది. తిరుగుదారిలో అక్షరాలను సైతం అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కేవారు. మీరూ ఒకసారి తెలుగులో రాసి చూడండి. తమాషాగా ఉంటుంది. పరీక్ష కాగితంలో మాత్రం వద్దు సుమా!

ఇక తంతి సంగతికి వద్దాం. ఒక ఊళ్ళో మీటలు నొక్కితే దూరాన మరో ఊళ్ళో ఉన్న యంత్రం దానంతట అదే టైపు కొట్టేది. ఆ యంత్రమే టెలిప్రింటరు. అక్కడ కూర్చుని పిడి నెట్టే మనిషి ఉండడు. అందుచేత అక్షరాలతోపాటు పిడి నెట్టే ఆజ్ఞలను కూడా తీగ మీదనే పంపవలసి వచ్చింది. న్యూజిలండుకు చెందిన డొనాల్డ్ మర్రే 1901 ప్రాంతంలో తన తంతి సంకేతాలలో ఈ రెండు ఆజ్ఞలను చేర్చాడు. మొదటికి రమ్మనడం క్యారేజి రిటర్న్. కిందికి దిగమనడం లైన్ ఫీడ్. తరువాత 1963లో అమెరికాలో ఆస్కీ అనే పట్టిక తయారయింది. అందులో క్యారేజి రిటర్నుకు 13, లైన్ ఫీడుకు 10 కేటాయించారు. ‘టింగ్’ మనే గంటకు కూడా సంఖ్య ఇచ్చారు! అది 7.

ఈ రెండిటిలో ఒకటి పంపి ఒకటి మరచిపోతే ఏమవుతుంది? ఆలోచించండి. 13 మాత్రమే పంపితే అచ్చు కొట్టే తల మొదటికి వస్తుంది గాని కాగితం జరగదు. పాత పంక్తి మీదనే కొత్త పంక్తి పడి, అక్షరం మీద అక్షరం ఎక్కి నల్లటి మరక అవుతుంది. 10 మాత్రమే పంపితే కాగితం జరుగుతుంది గాని తల ఉన్న చోటనే ఉంటుంది. అప్పుడు రెండో పంక్తి మొదటి పంక్తి ముగిసిన చోట కింద మొదలవుతుంది. మూడోది ఇంకా కుడికి. మెట్లు దిగినట్టు దిగి, చివరకు కాగితం అంచు దగ్గర ఇరుక్కుంటుంది.

13 ముందు, 10 తరువాత అన్న వరుసలో కూడా ఒక చక్కని కిటుకు ఉన్నది. 1963లోనే టెలిటైప్ మోడల్ 33 అనే యంత్రం వచ్చింది. అది సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. అయితే పంక్తి చివరనుంచి మొదటికి రావడానికి దాని తలకు సెకనులో పదో వంతు చాలదు. పరుగెత్తుతూ ఉండగానే తరువాతి అక్షరం వస్తే అది నడుమ ఎక్కడో పడుతుంది. అందుకని ‘మొదటికి రా’ అని ముందు చెప్పి, అది వస్తూ ఉండగా ‘కిందికి దిగు’ అని చెప్పేవారు. కాగితం జరిగే వ్యవధి తలకు కలిసివచ్చేది. పెద్దల తెలివి చూశారా!

మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. పాత టెలిగ్రాములు ఎవరింట్లోనైనా దాచి ఉంటే అడిగి చూడండి. కొన్నిటి మీద సన్నని కాగితపు పట్టీలు కత్తిరించి అతికించి ఉంటాయి. ఆ రకం యంత్రం పొడుగాటి పట్టీ మీద ఒకే పంక్తిగా కొట్టుకుంటూ పోయేది. దానికి 13తోనూ, 10తోనూ పని లేదు. తంతి గుమాస్తా కత్తెర ఎక్కడ పెడితే అక్కడ పంక్తి ముగిసేది!

కంప్యూటర్లు వచ్చిన తరువాత బండీ లేదు, తలా లేదు. తెర మీద వెలుగు మాత్రమే. ఇక రెండు ఆజ్ఞలు ఎందుకన్న ప్రశ్న పుట్టింది. 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు బెల్ పరిశోధనాలయంలో యూనిక్స్ అనే వ్యవస్థ మొదలుపెట్టారు. దానిలో పంక్తి ముగింపుకు 10 ఒక్కటే పెట్టుకున్నారు. ఈనాటి లినక్స్ ఆ వంశానిదే. ఇంకొక వైపు 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ టెలిప్రింటరు పద్ధతినే నిలబెట్టుకుని 13, 10 రెండూ రాసింది. దానినుంచి విండోస్‌కు అదే అలవాటు వచ్చింది. 1984లో వచ్చిన మాకింటోష్ 13 ఒక్కటే వాడింది. 2001లో ఆ సంస్థవారు తమ వ్యవస్థను యూనిక్స్ పునాది మీద తిరిగి కట్టడంతో అదీ 10 పక్షంలోకి వచ్చింది. ఎవరి లెక్క వారికి సరిగానే ఉన్నది. ఒకరి రాత మరొకరి ఇంటికి పోయినప్పుడే పేచీ.

ఇప్పుడు మన పాటల సంగతి మీరే చెప్పగలరు. ఆ పిల్ల అన్న కంప్యూటరులో ఉన్నది లినక్స్. ఆమె ఎంటర్ నొక్కినప్పుడల్లా 10 పడింది. దుకాణంలోనిది పాత విండోస్. అందులోని నోట్‌ప్యాడ్ అనే పనిముట్టు 13, 10 జంటగా కనబడితేనే పంక్తి మార్చేది. ఒంటరిగా వచ్చిన 10ని లెక్కచేయలేదు. 2018లో ఆ సంస్థవారు నోట్‌ప్యాడ్‌కు 10 ఒక్కదాన్నీ, 13 ఒక్కదాన్నీ గుర్తుపట్టడం నేర్పారు. దుకాణంలోని యంత్రం అంతకు ముందటిది. అదీ కథ.

నేను ఆ పిల్లతో వాళ్ళింటికి వెళ్ళాను. దుకాణంలో చెదిరిన ఫైలును ముట్టుకోవద్దన్నాను. అన్న కంప్యూటరులో ఉన్న అసలు ఫైలుకు ముందు ఒక నకలు తీయించాను. ఏ ఫైలునైనా సవరించబోయే ముందు నకలు తీయడం నా అలవాటు. రిజిస్టర్ల కాలం నుంచి ఉన్నది. లినక్స్‌లో ఈ పనికి ‘యూనిక్స్ టు డాస్’ అనే చిన్న పనిముట్టు ఉన్నది. ప్రతి ఒంటరి 10కి ముందు ఒక 13 చేర్చడమే దాని పని. దానికి తిరుగు పని చేసేది ‘డాస్ టు యూనిక్స్’. విండోస్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఉచితమైన పనిముట్టు ఈ రెండు పనులూ చేస్తుంది. ఫైలు ఏ పద్ధతిలో ఉన్నదీ తెర కింది అంచున రాసి చూపిస్తుంది కూడా.

“మార్చక ముందు ఫైలు బరువు ఎంత ఉన్నదో చూసి రాసుకో బిడ్డా” అన్నాను.

48,215 బైట్లు అని రాసుకున్నది.

“ఎన్ని పంక్తులు?”

“640 సారూ.”

“మార్చిన తరువాత ఎంత ఉండాలె?”

ఒక క్షణం ఆలోచించి, “48,855” అన్నది. మార్చి చూస్తే సరిగ్గా అంతే ఉన్నది. పంక్తికొక 13 చొప్పున 640 చేరాయి. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ లెక్క సరిపోయినప్పుడు ఆ పిల్ల ముఖం చూడవలసింది!

ఇదే అక్షరం నన్ను కూడా ఒకసారి తిప్పలు పెట్టింది. నేను ఉద్యోగంలో ఉన్న చివరి రోజులలో ఒక కార్యాలయం నుంచి మా బడి పిల్లల జాబితా వచ్చింది. ఒక్కొక్క పంక్తిలో పిల్లవాని పేరు, తండ్రి పేరు, చివర ఊరి పేరు. మా దగ్గర ఉన్న జాబితాతో దాన్ని కంప్యూటరు చేత సరిచూపించాలి. సరిపోయిన పిల్లలకే ఆ ఏటి పాఠ్యపుస్తకాలు. తీరా సరిచూస్తే 212 మందిలో ఒక్కడే సరిపోయాడు. మిగిలిన 211 మంది మా బడిలో లేరట! రెండు జాబితాలూ కాగితం మీద అచ్చు తీసి, నేనూ మా గుమాస్తాగారూ వేలు పెట్టి చదివాము. ఒక్క తేడా కూడా కనబడలేదు. కార్యాలయానికి ఫోను చేస్తే “మీ జాబితా తప్పు” అన్నారు. “మీదే తప్పు” అన్నాను నేను. పుస్తకాలు మాత్రం గదిలో కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. పిల్లలు రోజూ కిటికీలోంచి చూసిపోతున్నారు.

రెండు రోజుల తరువాత రాత్రి పడుకున్నాక తట్టింది. సరిపోయిన ఆ ఒక్కడు ఎవరు? జాబితాలో అందరికన్నా చివరివాడు! వాని పంక్తి తరువాత మరో పంక్తి లేదు. కనుక ఎవరూ అక్కడ ఎంటర్ నొక్కలేదు. తెల్లవారగానే బడికి పోయి, ఫైలులోని సంఖ్యలను విడివిడిగా చూపించే పనిముట్టుతో చూశాను. వారు విండోస్‌లో తయారుచేసి పంపారు; మా కంప్యూటరు లినక్స్. అది 10 దగ్గర పంక్తి తెంపి, ముందున్న 13ను ఊరి పేరులో కలిపేసుకున్నది. మా జాబితాలో ‘రామాయంపేట’. వారి జాబితాలో ‘రామాయంపేట’, దాని తోకన ఒక 13. కంటికి రెండూ ఒకటే. యంత్రానికి అవి రెండు వేరు వేరు ఊళ్ళు. చివరివాడి ఊరికి మాత్రం తోక లేదు. 13లన్నీ తీసివేయగానే 212 మందీ సరిపోయారు. ఆ మధ్యాహ్నమే పుస్తకాలు పంచాము. ఫోనులో “మీదే తప్పు” అన్నందుకు నాకు కొంచెం సిగ్గు వేసింది. నిజానికి తప్పు ఎవరిదీ కాదు. ఎవరి పద్ధతిలో వారు రాశారు.

మరి ఇన్ని రకాల యంత్రాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయని మీరు అడగవచ్చు. మీ ముత్తాతల కాలంలో మన హైదరాబాదు రాజ్యంలో హాలీ రూపాయలు చెల్లేవి. బయట బ్రిటిషు ఇలాకాలో కల్దారు రూపాయలు. ఎల్లలు దాటేవారు ఒకదానికి బదులు మరొకటి మార్చుకోవలసి వచ్చేది. కంప్యూటర్ల మధ్య ఇటువంటి మారకం పద్ధతిని ఏర్పరచినవారిలో మన దేశస్థుడు ఒకరున్నారు. పేరు అభయ్ భూషణ్. కాన్పూరు ఐఐటీలో చదివి అమెరికా వెళ్ళి, ఫైళ్ళను ఒక యంత్రంనుంచి మరో యంత్రానికి పంపే ఎఫ్‌టీపీ అనే నియమావళి మొదటి ప్రతిని 1971లో రాశారు. దారిలో ప్రయాణించే రాతలన్నిటికీ పంక్తి చివర 13, 10 జంటే ఉండాలని ఆ నియమావళిలో స్థిరపడింది. పంపేవారు తమ పద్ధతినుంచి దానిలోకి మారుస్తారు. అందుకునేవారు దానినుంచి తమ పద్ధతిలోకి మార్చుకుంటారు. నడుమ ఒకే నాణెం.

ఇందులో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఒకసారి మార్చినదాన్ని గుడ్డిగా మళ్ళీ మార్చితే 13, 13, 10 అని పడి, పంక్తికీ పంక్తికీ నడుమ ఖాళీ పంక్తులు పుట్టుకురావచ్చు. రెండోది ఇంకా ప్రమాదం. ఈ మార్పు రాతకే గాని బొమ్మకు పనికిరాదు. బొమ్మల ఫైలులో కూడా అక్కడక్కడ 10 అనే సంఖ్య వస్తుంది. అక్కడ దానికి పంక్తి ముగింపు అని అర్థం కాదు. అదొక రంగు తాలూకు లెక్క కావచ్చు. దాని పక్కన 13 చేర్చారంటే బొమ్మ పాడయిపోతుంది. అందుకే 1996లో పీఎన్‌జీ అనే బొమ్మల పద్ధతి తయారుచేసినవారు ఒక ఉచ్చు పన్నారు. ప్రతి పీఎన్‌జీ ఫైలూ ఈ ఎనిమిది సంఖ్యలతో మొదలవుతుంది: 137, 80, 78, 71, 13, 10, 26, 10. ఇందులో 13, 10 జంట ఉన్నది; ఒంటరి 10 కూడా ఉన్నది. దారిలో ఎవరైనా పంక్తి ముగింపులను ఎటు మార్చినా ఈ రెండిటిలో ఒకటి చెదిరిపోతుంది. తెరిచేవానికి మొదటి ఎనిమిది సంఖ్యలలోనే దొంగ దొరికిపోతాడు!

పాటలు సరిపోయిన రోజు సాయంత్రం ఆ పిల్ల నన్ను ఒక మంచి ప్రశ్న అడిగింది.

“సారూ, ఆ పదులు కూడా నిజంగానే పోతే ఏం చేసేటోళ్ళం?”

ఏం చేసేవాళ్ళమో మీకు తోచిందా? బతుకమ్మ పాటలో చాలావాటికి ప్రతి చరణం చివరా ‘ఉయ్యాలో’ అని వస్తుంది. కొన్నిటికి ‘చందమామ’ అని వస్తుంది. ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతూ ఆ మాట దగ్గర చప్పట్లు కలుపుతారు. చరణం ముగిసిందని చెప్పే గుర్తు పాటలోనే, వినబడేలా, ఉన్నది! ‘ఉయ్యాలో’ కనబడిన ప్రతి చోటా తెంపుకుంటూ పోతే పంక్తులు దొరుకుతాయి.

మన పద్యాలు కూడా ఇలాగే నిలిచాయి. తాటాకు మీద రాసేవారికి చోటు తక్కువ. నాలుగు పాదాలను నాలుగు పంక్తులుగా రాయడం వారికి లేదు. ఆకు ఈ చివరనుంచి ఆ చివరి దాకా మాటకు మాటకు నడుమ ఖాళీ అయినా లేకుండా ఘంటంతో గీసుకుంటూ పోయేవారు. పాదం ముగిసిన చోట కిందికి దిగేవారు కారు. అయినా చదివేవాడు తడబడలేదు. ఉత్పలమాల అయితే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాల అయితే 21, పదకొండోది యతి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస కుదరాలి. లెక్క పెట్టుకుంటూ పోతే పాదం ఎక్కడ తెగుతుందో పద్యమే చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో అచ్చు పుస్తకాలు వచ్చినప్పుడు పండితులు ఆ లెక్కతోనే పాదాలు విడదీసి, ఒక్కొక్క పాదాన్ని ఒక్కొక్క పంక్తిగా అచ్చు వేయించారు. ఛందస్సు ఎందుకని విసుక్కునే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోండి.

“కాని సారూ, నాయనమ్మ పాటల్ల కొన్నింటికి ఉయ్యాలో లేదు” అన్నది ఆ పిల్ల. నిజమే. అటువంటి పాటలకు ఆ కనిపించని 10 తప్ప వేరే గుర్తు లేదు.

పుస్తకం పెత్రమాసకు రెండు రోజుల ముందు అచ్చయి వచ్చింది. ఆకుపచ్చ అట్ట. దుకాణం అబ్బాయే కుట్టి ఇచ్చాడు; తప్పుగా తెంపిన మొదటి పాటకు గాను డబ్బు తగ్గించుకున్నాడు కూడా. పిల్ల నాయనమ్మ దగ్గర కూర్చుని మొదటినుంచి చదివి వినిపించింది. ఆవిడ కళ్ళు మూసుకుని, వేళ్ళతో మంచంపట్టె మీద తాళం వేస్తూ విన్నది. పదిహేడో పాట నడుమ చెయ్యి ఎత్తింది.

“ఆడ ఆగాలె బిడ్డా. రెండూ కలిపినవు.”

పిల్ల ఫైలు తెరిచి చూసింది. అక్కడ 13 లేదు, 10 లేదు. పోయిన ఏడు టైపు చేస్తున్నప్పుడు తానే ఆ ఒక్క చోట ఎంటర్ నొక్కడం మరచిపోయింది. పెన్సిలు తీసుకుని పుస్తకంలో ఆ చోట చిన్న గీత గీసింది. తరువాత మిగిలిన పుస్తకాలన్నీ ముందు పోసుకుని, ఒక్కొక్కదానిలో అదే చోట గీత గీస్తూ చీకటి పడే దాకా కూర్చున్నది.